మామ అన్న ‘నోడోణ’

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్నే బళ్లారి సత్యనారాయణపేట నుంచి అత్త ఫోన్ చేసి, “మీ మామ పోయినాడమ్మీ” అంది. ఆదివారాలు ఆయన సైకిలెక్కి కురుగోడు దాకా పోయి వస్తాడు కనుక, “యాడికత్తా, కురుగోడుకా?” అని అడిగాను. అవతల ఏడుపు వినిపించాక గానీ నా బుర్రకు ఎక్కలేదు. నిజం చెప్పాలంటే ఇప్పటికీ పూర్తిగా ఎక్కలేదు.

బళ్లారంతా జీన్సు ప్యాంట్లు కుడుతుంటే మా మేనమామ మాత్రం సైకిల్ పందేల వాళ్లకు జెర్సీలు కుట్టేవాడు. వెనక భాగం పొడుగ్గా, వీపు మీద జేబులతో. “ముందుకు వంగినోనికి వీపు కప్పల్ల” అనేవాడు. మిషన్ ముందు కూచుంటే ఎవరు పిలిచినా పలకడు. దారం తెగితే మాత్రం అలిగిన కొత్తల్లుణ్ణి బతిమాలినట్టు బతిమాలేవాడు.

మామ పోవడానికి కొన్నాళ్ల ముందు బెంగళూరు నుంచి కుర్రకారు ఫ్యాషన్ బట్టల కంపెనీ వాళ్లు వచ్చారు. మామ జెర్సీనే బాగా వదులు చేసి, వీపు మీద మామ అంగడి పేరు పెద్దగా వేసి, కలిసి అమ్ముదామన్నారు. అంగడి పేరంటే మామ పేరే.

“సైకిల్ తొక్కనోళ్లకి వీపు మీద జేబులేందప్పా?” అన్నాడు మామ.

“స్టైల్ అంకుల్!”

మామ పడీపడీ నవ్వి, “నోడోణ” అన్నాడు.

కన్నడంలో ఆ మాటకు ‘చూద్దాం’ అని అర్థం. మామ నోట్లో దాని అర్థమేమిటో దేవుడికే తెలియాలి. పదో తరగతి తర్వాత పని నేర్పమంటే నాతో అదే అన్నాడు. మర్నాడు చూస్తే ఇంకో మిషన్ ముందు నా ఎత్తుకు సరిపడా స్టూలు సిద్ధం. ఇవాళ నేను నాలుగు మెతుకులు తింటున్నానంటే ఆ స్టూలు చలవే. గుండె పరీక్ష చేయించుకోమన్న డాక్టరుతోనూ అదే అన్నాడు. మళ్లీ ఆ గడప తొక్కలేదు. ఆ మాట మీద నాకిప్పుడు ఒళ్లు మండుతోంది.

నిన్న నేను అత్త ఇంట్లో ఉండగా కంపెనీ నుంచి నమూనా జెర్సీ వచ్చింది. ఇంట్లోవాళ్లు సరేనంటేనే మిగతావి కుట్టిస్తారట, వద్దంటే ఆపేస్తారట. మామకు ఇష్టమేనా, కాదా? ఎటూ తేల్చుకోలేక, “మామ ఏమనేటోడత్తా?” అని మళ్లీ మళ్లీ అడిగేసరికి అత్తకు విసుగొచ్చింది.

“మీ మామ ఏమంటాడని అడుగుతాండావే గానీ, నీకెట్లుండాది అత్తా అని అడగవేమ్మీ? ఇట్లా తే.”

చీర మీదనే జెర్సీ తొడుక్కుని, నాకు వీపు పెట్టి నిలబడింది.

“ఏం రాసినారు? చదువు.”

పెళ్లైన నాటి నుంచి మొగుడి పేరు నోట పలకని మనిషి. పెద్దవాళ్ల పేరు పలకడానికి నాకూ నోరు రాలేదు. అయినా మామ పేరు పైకే చదివాను.

అత్త ఇటు తిరగలేదు. “చేసుకోమను” అంది. వీపు అట్లాగే పెట్టి, “ఇంగోతూరి చదువమ్మీ” అంది.