యంత్రం ముక్కుకు ధూపం

ఎడారిలో ఒక రోడ్డు పనిని మొత్తంగా ఆపించిన ఘనత నాది. ధర్నా చేసి కాదు, సమ్మె చేసి కాదు, భక్తితో. ఎలాగో చెబుతాను. నవ్వడానికి నా అనుమతి అడగక్కర్లేదు. మస్తాన్ భాయ్ ఇప్పటికీ అడక్కుండానే నవ్వుతున్నాడు.

మాది జగిత్యాల దగ్గర ఊరు. దుబాయ్ వచ్చి, షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో వెల్డింగ్ షాపులో చాలాకాలం చెమటోడ్చాను. కరోనా సద్దుమణిగాక ఒక కొత్త కంపెనీలో పర్యావరణ టెక్నీషియన్‌గా పడ్డాను. ఆ ఎడారిలోనే పుట్టి పెరిగిన బదూ తెగ కుటుంబానిది ఆ కంపెనీ. యజమానిని అందరం అర్బాబ్ అనేవాళ్లం. పెద్దాయన, ఒంటి మీద తెల్లటి కందూరా అంగీ, చేతిలో ఒంటెల్ని తోలే కర్ర. మా తాతలు తిరిగిన నేల మీద గాలి ఎలా ఉందో మేమే చూసుకుంటామని పంతం పట్టి కంపెనీ పెట్టాడు. రోడ్డు పని దగ్గర లేచే దుమ్మును కొలవడం మా మొదటి కాంట్రాక్టు. నాకింకా ప్రొబేషన్ పూర్తి కాలేదు. అది గట్టెక్కితే ఉద్యోగం, లేకపోతే ఇంటికి టికెట్.

ఈ ఉద్యోగమేమిటో మా ఆవిడకు ఫోన్‌లో వివరించడమే ఒక ఉద్యోగం.

"ఏం పని జేస్తున్నవ్ ఇప్పుడు?"

"గాలిని కొలుస్తున్న."

"ఊళ్లె ఉన్నన్ని దినాలు గాలికి తిరిగితివి. ఆడికి వొయ్యి గాలిని కొలుస్తున్నవా? దానికి జీతం గూడ ఇస్తరా?"

ఇంతకీ ఆ కొలిచే యంత్రం మనిషెత్తు స్తంభం, దాని నెత్తిన ఒక చిన్న టోపీ. టోపీ కిందనుంచి గాలి పీలుస్తుంది, అంటే అదే దాని ముక్కు. దుమ్ము హద్దు దాటిందా, అందరి ఫోన్లకూ మెసేజ్ కొడుతుంది. కారణం తేలేదాకా తవ్వకం ఆపేయాలి. "దాని దగ్గర సిగరెట్ కాల్చొద్దు, పొగ రానివ్వొద్దు" అని మా మేనేజర్ థామస్ సార్ చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. బుద్ధిగా తలూపాను. నాకు సిగరెట్ అలవాటే లేదు, ఇక భయమెందుకు?

నా ఖర్మకొద్దీ ఆ యంత్రాన్ని నిలబెట్టాల్సిన రోజు దసరా అయింది. మా ఊళ్లో ట్రాక్టరు మొదలు కుట్టుమిషను దాకా బొట్టు పెట్టించుకోకుండా పనిలోకి దిగిన వస్తువు లేదు. అందుకే ముందు రోజే దుబాయ్‌లో కరామా బజారుకు వెళ్లి కొబ్బరికాయ, కుంకుమ, గులాబీ అగరుబత్తులు కొనుక్కొచ్చాను. సార్ చెప్పినట్టే స్విచ్ వేశాను. యంత్రం బుస్సుమని గాలి పీల్చింది. ప్రాణమొచ్చింది కదా, ఇక పూజకు వేళయిందనుకున్నాను.

మా పికప్ డ్రైవరు మస్తాన్ భాయ్ నెల్లూరాయన. బండి దిగి వచ్చి అనుమానంగా చూశాడు.

"పొగ రాకూడదన్నాడు గదయ్యా ఆ సారు?"

"అది సిగరెట్ పొగ భాయ్. ఇది ధూపం."

"ఆ మిషనుకి తేడా తెలస్తదంటావా?"

"దేవునికి తెలుస్తది గద."

ఆయన వెళ్లి బండెక్కాడు. మిషనుకి మాత్రం తెలియదని తర్వాత తేలింది. ధూపం కాళ్ల దగ్గర పెడితే ముక్కుకెలా అందుతుందని, గుప్పెడు అగరుబత్తులు వెలిగించి సరిగ్గా టోపీ కింద గుచ్చాను. స్తంభానికి బొట్టు పెట్టాను, కొబ్బరికాయ కొట్టాను, ప్రసాదంతో సహా పికప్‌లో ఏసీ కింద చేరాను.

చెరో ముక్కా తిన్నామో లేదో, అవతల జేసీబీల మోత ఆగిపోయింది. టిప్పర్లు ఎక్కడివక్కడ నిలబడ్డాయి.

"ఏమైంది భాయ్, నమాజ్ టైమా?"

"ఇప్పుడు ఏ నమాజయ్యా? నాకు తెలీని నమాజ్ ఉందా?"

ఫోన్ మోగింది. థామస్ సార్. మా మాటలన్నీ హిందీలోనే నడిచేవి, మీకోసం తెలుగులో చెబుతున్నాను.

"అక్కడ ఇసుక తుఫానా?"

"లేదు సార్. ఆకు కూడా కదలట్లేదు."

"ఎడారిలో ఆకెక్కడిదయ్యా? ఆ నంబర్ చూడు. యంత్రం పక్కన కొండ కూలినట్టుంది. కన్సల్టెంట్ ఇంజనీరు బయల్దేరాడు. అర్బాబ్ కూడా సైట్లోనే ఉన్నాడు, వస్తున్నాడు."

పరుగెత్తుకెళ్లి, ఆర్పాలన్న తొందరలో అగరుబత్తులను ఉఫ్ మని ఊదాను. ఆ ఊదటం కూడా ముక్కులోకే. బూడిదంతా లోపలికి పోయింది. ఫోన్‌లో నంబర్ ఇంకో కొండెక్కింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుందామంటే, సార్ చెప్పినట్టు ఎడారిలో ఆకులెక్కడివి? అగరుబత్తుల్ని ఇసుకలో పాతిపెట్టి, పైన నిలబడ్డాను.

ల్యాండ్ క్రూజర్ వచ్చి ఆగింది, అర్బాబ్, ఇంజనీరు ఇద్దరూ దిగారు. ఇంజనీరు యంత్రం చుట్టూ తిరిగి బొట్టు దగ్గర ఆగాడు. అది తుడవడం మరిచిపోయాను.

"ఈ ఎర్ర మచ్చేంటి?"

"కాలిబ్రేషన్ మార్కు సార్."

"ఎరుపెందుకు?"

"దూరంనుంచి కనబడ్డానికి."

పాపం, ఆయన నమ్మి తలూపాడు కూడా. అర్బాబ్ మాత్రం ముక్కు పైకెత్తి గాలి పీల్చాడు. అత్తరులో, ఊద్‌లో పుట్టి పెరిగిన ముక్కు అది, మా యంత్రం దానిముందు ఏపాటి?

"ఈ ఎడారిలో గులాబీ తోట ఎప్పుడు వేశారు?"

మస్తాన్ భాయ్ ఆకాశంలో మేఘాలు వెతుకుతున్నాడు.

"చూడు," అన్నాడు అర్బాబ్, "ఇది మా తాతలు పీల్చిన గాలి. దీని గురించి నా మనుషులు అబద్ధం చెప్పకూడదు. పొగ ఎవరు పెట్టారో వాళ్లే తమ నోటితో చెప్పాలి. సచ్ బోలో."

నా ఉద్యోగం ఖలాస్ అనుకున్నాను. పక్కకు జరిగి, ఇసుక తవ్వి, అగరుబత్తులు తీసి, దసరా నుంచి మొదలుపెట్టి మొత్తం చెప్పేశాను. కుట్టుమిషను సంగతి కూడా వదల్లేదు. ఇంజనీరు నవ్వాలో తిట్టాలో తెలియక, కారణం రాసుకుని పని మొదలుపెట్టమన్నాడు. అర్బాబ్ బండెక్కి వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది. అల్ కుసైస్‌లో మా రూంలో ఎవరి ఫోన్ మోగినా నా టికెట్టేనేమోనని ఉలిక్కిపడేవాణ్ని. అతిభక్తి ధూర్త లక్షణమంటారు. నాకు మాత్రం అది పెట్టె సర్దుకునే లక్షణమైంది.

కానీ టికెట్ రాలేదు. ప్రొబేషన్ దాటింది. "నిజం చెప్పాడు, ఉండనీ" అన్నాడట పెద్దాయన.

ఆ తర్వాత రెండో యంత్రం వచ్చింది. అర్బాబ్ స్వయంగా వస్తానన్నాడు. నేను ఒళ్లు దగ్గర పెట్టుకుని స్విచ్ వేసి, చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డాను. ఆయన బండి దిగాడు. చేతిలో ధూపదానీ. అందులో నిప్పులు, నిప్పుల మీద బుఖూర్, అంటే అరబ్బుల సాంబ్రాణి. వాళ్లింట్లో కొత్త బట్టకైనా, వచ్చిన చుట్టానికైనా ఆ పొగ పట్టందే తృప్తి ఉండదు.

"అర్బాబ్, పొగ..." అన్నాను.

"ఇది పొగ కాదు. బుఖూర్," అంటూ యంత్రం చుట్టూ తిప్పి, టోపీ కింద కాసేపు ఆపాడు.

మస్తాన్ భాయ్ నా వంక చూశాడు. జేసీబీలు ఆగిపోయాయి. నా ఫోన్ మోగింది.

"మళ్లీ నువ్వేనా?" థామస్ సార్ అరుస్తున్నాడు.

నేను ఫోన్‌ను రెండు చేతులా అర్బాబ్ ముందు పెట్టాను. "ఈ గాలి గురించి అబద్ధం చెప్పొద్దన్నారు. పెట్టినవాళ్లే తమ నోటితో చెప్పాలన్నారు."

పెద్దాయన నన్ను చూశాడు, ధూపదానీని చూశాడు. గడ్డం నిమురుకుని ఫోన్ అందుకున్నాడు.

"థామస్... మైఁ హూఁ. ఈసారి నేనే," అన్నాడు చిన్న గొంతుతో.

మస్తాన్ భాయ్ నవ్వు ఆపుకోలేక పికప్ చాటుకు పరుగెత్తాడు. ఆ రోజు యంత్రం సాక్షిగా, చల్లారుతున్న నిప్పుల సాక్షిగా, నేనూ అర్బాబూ కలిసి ఒట్టు వేసుకున్నాం: ప్రాణం పోయినా సరే, స్విచ్ వేసిన యంత్రానికి ధూపం వేయం. స్విచ్ వేయకముందే వేస్తాం.