తెర వెనక గంట

ఒక అబద్ధాన్ని ఇన్నేళ్లుగా మోస్తున్నాను. పెద్దదేమీ కాదు, రెండు ముక్కలు. ఆ రెండు ముక్కలతో ఒక మనిషిని ఎందుకూ కొరగాకుండా చేశాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. అందుకే మీతో చెప్పడం తేలిక. ఒకటి మాత్రం ముందే అంటున్నాను. జాలి పడొద్దు. పాపం, ఆ రోజులు అలాంటివి అంటూ నా తరఫున వకాల్తా పుచ్చుకోవద్దు. ఆ పని చేసేవాళ్లు మా ఇంట్లోనే కావలసినంతమంది ఉన్నారు.

మాది సికింద్రాబాదు. జాతరల్లో మనుషుల్ని పైకి తీసుకెళ్లి కిందికి దించే రాట్నం మా మామది. మొదట్లో అది కర్ర రాట్నం. నాలుగు పెట్టెలు. ఇద్దరు మనుషులు భుజం పెట్టి తోస్తే మూలిగి, ఆలోచించుకుని, అప్పుడు కదిలేది. ఎక్కడానికి వరస అంటూ ఉండేది కాదు. ఎవరి మోచెయ్యి గట్టిదైతే వాళ్లు ముందు. తర్వాత మామ ఇనుప రాట్నం కొన్నాడు, ఆయిల్ ఇంజనుతో నడిచేది. దాన్ని సరిగా తిప్పక ముందే రజాకార్ల గొడవలు వచ్చిపడ్డాయి. జాతరలు ఆగిపోయాయి. విప్పేసిన రాట్నం రెజిమెంటల్ బజారులోని మా షెడ్డులో పడి ఉంటే, ఇంజను నడిపే మౌలా భాయ్ దాని బోల్టులకు తుప్పు పట్టకుండా నూనె రాస్తూ కాపలా కాశాడు. మా దగ్గర జీతం తీసుకునేవాడే కానీ, నన్ను చెల్లె అని పిలిచేవాడు. ఆ పిలుపులో వేషం లేదు.

పోలీస్ యాక్షన్ అయ్యాక వచ్చిన బోనాలకు రాట్నాన్ని మళ్లీ నిలబెట్టాం. పెట్టెలు ఎక్కువ, ఇంజను ఆగదు, జనం ఎగబడితే పని జరగదు. అందుకని మామా మౌలా భాయ్ కలిసి వరసలు వేశారు. వెదురు బొంగులు పాతి మగవాళ్లకు కుడివైపు ఒక దారి, ఆడవాళ్లకు ఎడమవైపు ఒక దారి. ఒక్క మనిషి పట్టేంత వెడల్పు, తోపులాట తగ్గేలా మధ్యలో మలుపులు. ఒక పెట్టె మగవాళ్లకైతే తర్వాతది ఆడవాళ్లకు. ఆడవాళ్ల దారి చుట్టూ గుడ్డ తెర కట్టారు. బురఖా వేసుకునే ఇళ్లవాళ్లే కాదు, మా ఇళ్ల ఆడవాళ్లు కూడా మగవాళ్లు చూస్తుండగా చీర ఎత్తిపట్టుకుని పెట్టె ఎక్కేవాళ్లు కాదు. వాళ్లను ఎక్కించే పని నాది.

ఆ తెర వల్ల ఇంజను దగ్గరున్న మౌలా భాయ్‌కి మా వైపు ఏమీ కనబడదు. అందుకే ఒక గంట కట్టి, దాని తాడు నా చేతికి ఇచ్చారు. ఆడవాళ్లు కూర్చోవాలి, పెట్టెకు అడ్డంగా గొలుసు తగిలించాలి, అప్పుడు నేను తాడు లాగాలి. గంట వింటే ఆయన రాట్నాన్ని కదిలిస్తాడు. అంతే పద్ధతి.

ఆ రోజు సన్నటి జల్లు. నెలల తరబడి ఇళ్లలో బిక్కుబిక్కుమంటూ గడిపిన జనమంతా ఒక్కసారిగా బయటపడ్డారు. మగవాళ్ల వరస చకచకా కదులుతోంది. నా వరస కదలడం లేదు. తడి చీరలు, చంకల్లో పిల్లలు, భయాలు, నవ్వులు. అవతల నుంచి ఈలలు. మామ తెర దగ్గరకొచ్చి, ఆడవాళ్లకు వేరే వరస పెట్టడమే దండగ అని అందరూ వినేలా విసుక్కున్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆ మంట తప్పని ఇప్పటికీ అనను. మా వరస దండగ కాదని చూపించి తీరాలనుకున్నాను. తొందరపడ్డాను.

కాప్రా నుంచి వచ్చిన ఒక కూరగాయలామె పెట్టెలో కూర్చుంది. పైనుంచి తమ ఊరి చెరువు కనబడుతుందా అని అందరినీ అడుగుతోంది. నా ఎడమచేతిలో గొలుసు. కుడిచేతిలో తాడు. ముందు తాడు లాగాను.

ఎందుకు లాగాను? కర్ర రాట్నం దగ్గర నా చేతికి అలవాటైన పని అది. రానీయండని తోసేవాళ్లకు కేకేసి, అది మూలుగుతూ కదిలేలోపు గొలుసు తగిలించేదాన్ని. ఇంజనుకు ఆ బద్ధకం లేదు. ఈ సంగతి నాకు తెలియదా? తెలుసు. మౌలా భాయ్ పదేపదే చెప్పాడు. తెలిసి కూడా చేతిని దాని ఇష్టానికి వదిలేశాను. పెట్టె గబుక్కున లేచింది, గొలుసు నా వేళ్లలోంచి జారిపోయింది. ఆమె కంగారుగా లేచి నిలబడి, పడిపోయింది. బతికింది కానీ తుంటి విరిగింది. మళ్లీ తలమీద గంప ఎత్తలేదని తర్వాత విన్నాను.

ఆ తర్వాత జరిగినదానికి నా నోటితో పనే లేకపోయింది. ఇంజను మీదున్నది సాయిబని ఎవరో అరిచారు. కావాలనే చేశాడని ఇంకొకరు. రజాకారని ఇంకొకరు. ఆయన్ని కిందికి లాగి కొట్టారు. పోలీసులు వచ్చి పట్టుకెళ్లారు. నేను తెర లోపలే నిలబడ్డాను, చేతిలో తాడుతో. బయటికి వచ్చి ఒక్క మాట చెబితే సరిపోయేది. రాలేదు.

కొన్నాళ్లకు వదిలేశారు. ఇంజను హ్యాండిల్ అప్పజెప్పడానికి షెడ్డుకు వచ్చాడు. పెదవి ఇంకా వాచి ఉంది. నేను ఒక్కదాన్నే ఉన్నాను.

“చెల్లె, ఒక్క మాట అడుగుతా, పరేషాన్ గాకు. ఆ దినం గంట నువ్వు కొట్టినవా?”

“నేను కొట్టలే.”

“మరి నాకెట్ల ఇనవడ్డది?”

“ఏమో భాయ్. మంది తాకితే తాడు ఊగిందేమో.”

ఆయన హ్యాండిల్‌ని చేతిలో అటూ ఇటూ తిప్పాడు. “ఊగితే గట్ల మోగది. నా చెవులే ఖరాబైనయ్ గావచ్చు. నువ్వెందుకు అబద్ధం చెప్తవ్.”

నన్ను అనుమానించి ఉంటే, తిట్టి ఉంటే, నిజం చెప్పేదాన్నేమో. చూశారా, ఇది కూడా తప్పించుకోవడమే. నమ్మినవాడి నమ్మకం మీదికి నా తప్పును నెట్టడం. భయమా? భయమే. మామ ఇంట్లోంచి వెళ్లగొడతాడని, ఆడవాళ్ల వరస ఎత్తేస్తారని, ఊరంతా నన్ను వేలెత్తి చూపిస్తుందని. ఆయన వైపు అప్పటికే వేళ్లన్నీ లేచి ఉన్నాయి. ఇంకొకటి లేచినా తేడా ఏముంటుందనుకున్నాను. తేడా ఉంది. మిగతావాళ్లు ఆయన ఒంటిని కొట్టారు. ఆయన చెవుల మీద ఆయనకే నమ్మకం లేకుండా చేసింది నేను.

మౌలా భాయ్ మళ్లీ ఇంజను ముట్టలేదు. అదే బజారులో స్టవ్వులు బాగుచేస్తూ కూర్చునేవాడు. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే వెంటనే తల ఎత్తేవాడు కాదు. నన్నేనా పిలిచింది అని పక్కవాణ్ని అడిగేవాడు. ఆ దారిలో వెళ్తూ ఎన్నోసార్లు చూశాను, చూసి వచ్చేశాను. అలాగే పోయాడాయన.

నేను మాత్రం ఆ తాడు పట్టుకుని ఎన్నో జాతరలు చేశాను. గొలుసు తగిలించాకే గంట. నా వరసలో మళ్లీ ఎవరూ పడలేదు. దీన్ని ప్రాయశ్చిత్తం అనకండి. ఒకరి ఒళ్లు విరిచి, ఇంకొకరి బతుకు విరిచి పని నేర్చుకున్నాను, అంతే.

మా ఇంట్లో ఈ కథ ఇప్పటికీ చెబుతారు. రజాకారొకడు మన రాట్నం మీంచి మనిషిని పడేశాడని, చుట్టాలు వచ్చినప్పుడల్లా, నవ్వుతూ. మొన్న మా మనవరాలి స్నేహితురాలు వచ్చింది. ముస్లిముల పిల్ల. ఆ అమ్మాయి ముందు కూడా మా అబ్బాయి అదే కథ ఎత్తుకున్నాడు. ఆ పిల్ల సగం తాగిన టీ గ్లాసు కింద పెట్టి, వెళ్లొస్తానంది. నాకు సిగ్గేసింది. అందరి ముందూ చెప్పేశాను, గంట కొట్టింది నేనేనని. మా అబ్బాయి ఆ పిల్ల వైపు తిరిగి, అమ్మకు వయసైంది, ఏదేదో అంటుంది, పట్టించుకోకు అన్నాడు.

వయసైంది, నిజమే. మతి పోలేదు. అందుకే రాస్తున్నాను. ఇంటి పరువు పోతుందంటే పోనీ, అది అరువు పరువు. కాలం అలాంటిదని మీరు కూడా అంటారేమో. తాడు కాలం చేతిలో లేదు, నా చేతిలో ఉంది. క్షమించమని ఎవరినీ అడగను. అడగవలసిన మనిషి లేడు, ఉన్నా క్షమించమని అడిగే ముఖం నాకు లేదు. రాసేశాక మాత్రం ఊపిరి కాస్త ఆడుతోంది. ఆ మాట దాచను.

ఆ రోజు గంట మోగింది. మౌలా భాయ్ సరిగ్గానే విన్నాడు.