మాట్లాడించే చట్టం

లా మొదటి సంవత్సరంలో చట్టాల రకాలు చెప్పినప్పుడు నాకు భలే నచ్చింది. నేరం జరిగితే క్రిమినల్, హక్కు పోతే సివిల్, సర్కారే తప్పు చేస్తే రాజ్యాంగం. లోకంలోని ప్రతి గొడవకూ ఒక చోటు ఉందన్నమాట! జగిత్యాల హాస్టల్లో ఆ పాఠం చదువుకుంటూ, ఇక మా ఇంటికి ఏ కష్టమొచ్చినా నేనున్నాననుకున్నాను. అంత పొగరు.

కష్టం ఆ ఏడాదే వచ్చింది. కోరుట్ల దగ్గరి మా ఊళ్లో నాన్న తాళ్లెక్కి కల్లు గీస్తాడు. ఊరి పెద్దలు తామే పెట్టుకున్న గ్రామ కమిటీ చెప్పిన ధరకు కల్లు పోయనన్నాడు. దాంతో మా ఇంటివాళ్లతో ఎవరూ మాట్లాడొద్దని, మాట్లాడితే జరిమానా అని కమిటీ నోటిమాటగా చెప్పేసింది. కాగితం లేదు, సంతకం లేదు. మర్నాటి నుంచి ఊరంతా మమ్మల్ని చూసి తల తిప్పుకుంది.

హాస్టల్ నుంచి ఇంటికొచ్చిన నేను రోషంగా పోలీస్ స్టేషన్‌కు పోయాను.

"కొట్టిన్రా? తిట్టిన్రా? ఇంటి మీదికి అచ్చిన్రా?" అని అడిగాడు ఎస్సై.

"లేదు సార్, మాట్లాడుతలేరు."

"మాట్లాడకుంటే ఏం కేసు పెట్టాలె చెప్పమ్మా? నువ్వే లా చదువుతున్నవు గద."

సిరిసిల్లలో మాకు తెలిసిన వకీలు కొంచెం నయం. "కేసు నడుస్తది బిడ్డా. కమిటీ గిట్ల చెప్పిందని కోర్టుల చెప్పెటోళ్లను ఒక్కలను తీస్కరా, సాలు" అన్నాడు. మాతో మాట్లాడటానికే జడిసేవాళ్లు మా కోసం కోర్టులో ఏం మాట్లాడతారు? బస్సులో తిరిగి వస్తుంటే ఏడుపొచ్చింది.

నాన్న మొండివాడు, తట్టుకున్నాడు. అమ్మ వల్ల కాలేదు. అమ్మా, పక్కింటి పెద్దమ్మా నేను పుట్టకముందు నుంచీ పొట్టిగోడకు చెరోవైపు కూర్చుని, ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్లు. చేతులు ఆగేవి కావు, నోళ్లూ ఆగేవి కావు. ఇప్పుడు చేతులు మాత్రమే ఆడుతున్నాయి.

ఒక సాయంత్రం పెద్దమ్మ గోడ పక్కనే కట్టేసిన బర్రెతో గట్టిగా అంది. "ఓ బర్రే, రేపు మా కోడలును కోరుట్ల దవాఖానకు తీస్కపోతున్నం. కాన్పు దగ్గరికచ్చింది. భయమైతుందే."

అమ్మ తల ఎత్తకుండా ఒళ్లోని చాటతో అంది. "ఏం గాదు. పిల్ల గట్టిది."

నాకు నవ్వాగలేదు. బర్రెతో మాట్లాడితే జరిమానా వెయ్యమనండి చూద్దాం!

వేశారు. ఎవరో చెప్పినట్టున్నారు, పెద్దమ్మను కమిటీ పిలిపించింది. మర్నాడు చూస్తే బర్రె వాళ్ల ఇంటి వెనక్కి పోయింది. గోడ పక్కన ఉత్త గుంజ మిగిలింది. అమ్మ మాత్రం అదే చోట చాట పెట్టుకుని కూర్చుంది.

"కోడలు కాన్పయిందో లేదో. నువ్వు సదివే సట్టాలల్ల మాట్లాడిపిచ్చే సట్టం లేదా బిడ్డా?"

నేను చదివిన రకాలన్నీ మనసులో తిరగేశాను. కొట్టొద్దనే చట్టం ఉంది, తిట్టొద్దనే చట్టం ఉంది. పలకరించమనే చట్టం ఎక్కడా లేదు.

అప్పుడే ఇంటి వెనక నుంచి పెద్దమ్మ గొంతు వినిపించింది. బర్రెతో ఏదో చెబుతోంది. అమ్మ చేతిలో బీడీ ఆగిపోయింది.

"ఏమంటుంది బిడ్డా? నీకేమన్న ఇనవడుతుందా?"

చెవులు రిక్కించి విన్నాను. నాకూ మాట తెలియలేదు.