తెనాలిలో పెదనాన్న పరీక్ష

మొన్న తెనాలి స్టేషన్‌లో ఒక పెద్దాయన బెంచీ మీద కూర్చుని బొటనవేలినీ చూపుడువేలినీ టపటపా తాకిస్తూ కనిపించారు. పక్కనున్నావిడ మజ్జిగ తాగుతూ పట్టించుకోనట్టు కూర్చుంది. ఆ వేళ్ల పని ఏమిటో నాకు ఇట్టే తెలిసిపోయింది. మా పెదనాన్న కూడా ఇక్కడే, ఇలాగే పరీక్షకు తయారయ్యేవారు.

పెదనాన్నది బాపట్ల. బళ్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. పార్కిన్సన్స్ జబ్బు వచ్చాక కొన్ని నెలలకోసారి తెనాలిలో నరాల డాక్టరుకు చూపించుకోవాలి. ఆయన, పెద్దమ్మ బాపట్ల నుంచి రైల్లో వచ్చేవారు, నేను రేపల్లె నుంచి వచ్చి కలిసేదాన్ని. డాక్టరు వేళ్లు ఆడించమంటారు, పిడికిలి మూసి తెరవమంటారు, చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి లేవమంటారు, వరండాలో నడిపిస్తారు, వెనక నిలబడి భుజాలు పట్టి గుంజి తూలతారో లేదో చూస్తారు. జబ్బు ఎంత ముదిరిందో అలా తెలుస్తుందట. నాకదంతా భలే వింతగా ఉండేది. పెదనాన్నకి మాత్రం అది పబ్లిక్ పరీక్షే. వారం ముందునుంచీ సాధన. మాత్ర కూడా సరిగ్గా ఆ గదిలోకి వెళ్లేసరికి పనిచేసేలా చూసుకుని మింగేవారు. “బాగున్నారండి, ఇదే మందు వాడండి” అని డాక్టరు అనగానే ఆయన ముఖం వెలిగిపోయేది, పెద్దమ్మ ముఖం మాడిపోయేది. ఇంటికెళ్లి మాత్ర బలం తగ్గాక ఆయనకు చొక్కా గుండీలు పెట్టేదీ, మంచం మీద పక్కకు తిప్పేదీ ఆవిడే. ఒకసారి ఇద్దరూ కలిసి పడ్డారు కూడా. “మీరిట్టా ఫస్టున పాసవుతా ఉంటే నా నడుం విరిగేట్టుందండి” అనేది.

ఒకరోజు డాక్టరుగారు బాగా ఆలస్యంగా వచ్చారు. మాత్ర బలం వరండాలోనే అయిపోయింది. పిలుపు వచ్చేసరికి పెదనాన్న కాళ్లు కదలక గుమ్మం దగ్గరే నిలబడిపోయారు. ఎలాగో లోపలికి తీసుకెళ్లాం. వేళ్లు కాస్త ఆడి ఆగిపోయాయి. “ఒక్క నిమిషం టైమివ్వండి సార్, ఇయ్యన్నీ వచ్చు నాకు” అన్నారు. నాకు ఏడుపొచ్చేసింది.

“పరీక్ష నా మందుకండి మాస్టారూ. మీరు కష్టపడి దాన్ని పాస్ చేయించేస్తే దాని లోటు నాకెట్టా తెలుస్తుందండీ?” అన్నారు డాక్టరు.

పెదనాన్న పెద్దమ్మ వైపు చూపించారు. “ఆవిణ్ణి అడగండి సార్.” పెద్దమ్మ అంతా చెప్పింది, ఆగకుండా చెప్పింది. మాత్రలూ వాటి వేళలూ మారాయి. కొన్నాళ్లు గుండీలు ఆయనే పెట్టుకున్నారు.

తర్వాత సాధన మానేశారు. జబ్బు మాత్రం ఆగలేదు. ప్రతిసారీ రైలు దిగుతూనే, “పదమ్మాయ్, ఈసారి ఏం పోయిందో చూద్దాం” అనేవారు, నిజంగా తెలుసుకోవాలన్న ఉత్సాహంతో. కాలం అందరి దగ్గరా కొంచెం కొంచెం పట్టుకుపోతూనే ఉంటుంది. పెదనాన్న మాత్రం ఏం పట్టుకుపోతోందో చూసి మరీ ఇచ్చారు.