అద్దం మీద గీసిన ఇల్లు

జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు పోయే బస్సులో, వానకు ఆవిరి పట్టిన కిటికీ అద్దం మీద పక్కసీటు అమ్మాయి వేలితో ఒక ఇల్లు గీసింది.

"ఎవరిల్లు పాపా?" అన్నాను.

"మాదేనక్కా. గండికోట రిజర్వాయర్లో మునిగిపాయ. ఊరు పోయినంక దేని మీదా మనసు లేక కాలేజీ మానేస్తి. మొన్న ఒక ప్రదర్శనలో మునిగిన ఊరి బొమ్మ చూస్తి. శానాసేపు ఆడే నిలబడితి. మా ఊర్ని గూడా ఎవరన్నా గీయాల గదా, నేనే గీస్తా అనుకుంటి. బొమ్మలు నేర్చుకుందామని మళ్లీ కాలేజీలో చేరను పోతాండా."

ఆమె ముఖం వెలిగిపోతోంది. మా ఊరూ ఆ నీళ్లలోనే పోయిందని చెప్పబోయాను. అంతలోనే ప్రొద్దుటూరు వచ్చింది. ఆమె దిగి జనంలో కలిసిపోయింది.

ఇంటికొచ్చి నేనూ కాగితం, పెన్సిలు ముందేసుకుని కూర్చున్నాను. మా గడప ఏ దిక్కుకు ఉండేదో ఎంతకీ గుర్తు రాలేదు. అడుగుదామంటే అమ్మ లేదు.