మా అవ్వ చేతిగుణం

నా చిన్నప్పుడు మా ఇంట్లో మనుషులకంటే ముందు పురుగులు తినేవి. దిబ్బూరహళ్ళిలో మాకు కొంచెం మల్బరీ తోట ఉండేది, దాని మీదే పట్టుపురుగులు పెంచేవాళ్ళం. పురుగు గూడు కట్టేలోపు నాలుగుసార్లు పొర విడుస్తుంది. దాన్ని మా వైపు జ్వరం అంటారు. నాలుగో జ్వరం నుంచి లేచాక దాని ఆకలికి అంతు ఉండదు. ఆకు వేసి వెనక్కి తిరిగేలోపు వెదురు తట్టలో ఈనెలు మిగిలేవి. ఆ వారం రోజులు మేము నిలబడే ముద్ద మింగేవాళ్ళం.

పురుగుల పెంపకంలో చేతిగుణాన్ని నమ్మేవారు. కొందరి చెయ్యి తగిలితే పంట నిలుస్తుందని, కొందరిది తగిలితే పోతుందని. మా అవ్వది మంచి చెయ్యి అని ఊళ్ళో పేరు. గుడ్లు పగిలి పిల్లపురుగులు బయటికి రాగానే, వాటిని మొదటిసారి ఆకు మీదికి దులపడానికి ఎవరెవరో వచ్చి మా అవ్వను పిలుచుకుపోయేవారు.

ఆ ఏడు మా చిన్నాన్నకు పెళ్ళయింది. చిన్నమ్మది బట్లహళ్ళి వైపు మెట్ట సేద్యం చేసే ఇల్లు. ఆమె అంతవరకు పట్టుపురుగును ముట్టుకుని ఎరగదు. వచ్చిన నెలకే అవ్వతో కలిసి తట్టలకు ఆకు వెయ్యడం మొదలుపెట్టింది. ఆ పంటలోనే పురుగులు పోవడం మొదలైంది. తల పైకెత్తి, పచ్చటి రసం కక్కి, ముడుచుకుపోయేవి. రోజూ ఉదయం చచ్చిన పురుగుల్ని చేటలోకి ఏరి, దూరంగా గుంట తీసి పూడ్చేది చిన్నమ్మే.

పక్కింటామె గోడ మీదినుంచి తొంగి చూసి, "శనక్కాయలు పెరికే చేతికి పట్టుపురుగు నిలుస్తాదా అమ్మా?" అని నవ్వింది. రెండో రోజు అవ్వ చిన్నాన్నను పిలిచి చెప్పేసింది. "ఈ పిల్ల చెయ్యి మంచిది కాదప్పా. పంట అయ్యేదాకా పుట్టింట్లో ఇడిచిపెట్టి రా."

పంట అయ్యేదాకా అన్నమాటే గాని, అలా పోయిన కోడలికి తిరిగి కబురు ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. చిన్నమ్మ ఏడవలేదు. ఆమెకు ఏడ్చే ఓపిక కూడా లేదనుకుంటాను. "పోతాను లే అత్తా. రెండు దినాలు ఆగు. ఒక తట్టకు నువ్వే ఎయ్యి, ఒక తట్టకు నేనే ఏస్తాను. ఒకే గంపలో ఆకు చెరిసగం చేసుకుందాము. యాడ పోతాయో చూస్తాము" అంది.

అవ్వ సంతోషంగా ఒప్పుకుంది. తన చెయ్యి మీద ఆమెకు అంత నమ్మకం. ఒకరి తట్టను ఇంకొకరు తాకకుండా చూసే పని నాకు అప్పజెప్పారు.

మర్నాటికి అవ్వ తట్టలో పురుగులు తలలెత్తాయి. చిన్నమ్మ తట్టలో ఆకు కరకరా నములుతున్నాయి. అవ్వ, తట్టలోనే ఏదో దోషం ఉండాది అంది. "అట్లయితే మార్చుకుందాం అత్తా" అని చిన్నమ్మ తన మంచి తట్టను అవ్వ ముందు పెట్టింది. అవ్వ ఒక్కసారి ఆకు వేసింది. మళ్ళీ ఆకు వేసే వేళకు ఆ తట్టలోనూ తలలు లేచాయి.

అప్పుడు చిన్నమ్మ మెల్లగా అడిగింది. "అత్తా, నీకు పంటినొప్పి ఎప్పుడు మొదలైంది?"

అవ్వకు అంతకుముందు వక్కాకు తప్ప వేరే అలవాటు లేదు. ఆ ఏడు దవడ నొప్పి భరించలేక, ఎవరో చెబితే పొగాకు అరచేతిలో నలిపి బుగ్గన పెట్టుకోవడం మొదలుపెట్టింది. అదే చేత్తో ఆకు చల్లేది. ఆ ఏడు మా ఇంట్లోకి కొత్తగా వచ్చినవి రెండు. మేమంతా ఒకదాన్నే చూశాం.

అవ్వ అరచెయ్యి వాసన చూసుకుంది. పెరట్లోకి పోయి బూడిదతో రుద్ది రుద్ది కడుక్కుంది. సాయంత్రం చిన్నాన్నతో, "అమ్మాయి ఈడే ఉండనీలే" అంది. ఎందుకో చెప్పలేదు. తప్పు నాది అని ఎవరితోనూ అనలేదు. పక్కింటామెకు అసలు సంగతి ఎప్పటికీ తెలియలేదు, చిన్నమ్మ చెప్పనూ లేదు. మిగిలిన పురుగులు గూళ్ళు కట్టేదాకా ఆకు కోస్తూనే ఉంది.

అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి. మనవడి సైన్సు పుస్తకం కూడబలుక్కుని చదువుతుంటే ఒకచోట ఆగిపోయాను. పొగాకు మొక్క తన ఆకును పురుగులు తినకుండా ఒక విషాన్ని తనే తయారుచేసుకుంటుందట. మనిషికి కాస్త మత్తునిచ్చేది పురుగు ప్రాణం తీస్తుంది. చిన్నమ్మకు ఇదేమీ తెలియదు. తట్టలు వేరుచేసి చూడాలని మాత్రం తోచింది.

పోయిన వేసవిలో మనవడి పెళ్ళయిన నెలకే మా బోరులో నీళ్ళు సన్నగిల్లాయి. ఆ పిల్ల అడుగుపెట్టిన వేళ అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఇంత చూసినదాన్ని, నాకే వచ్చింది. పళ్ళు బిగించి గట్టు వెంట నడిచి వెళ్ళాను. పక్క చేలో రెండు కొత్త బోర్లు వేసి ఉన్నారు. తిరిగి వచ్చేసరికి కాళ్ళు లాగుతున్నాయి. ఆ పిల్ల చెంబుతో నీళ్ళు తెచ్చి, "ఏమవ్వా, నాతో ఏమన్నా చెప్పల్లనా?" అని అడిగింది.

ఏమీ లేదమ్మా అన్నాను. నాలుక చివరి మాట మింగి, ఏమీ లేదు అనగలిగినంత మటుకే నేను చిన్నమ్మ దగ్గర నేర్చుకున్నది.