రెండుసార్లు వాపసొచ్చిన అట్టపెట్టె

ఈసారి బిడ్డ నిద్రలో ఉండగా దొంగలా బయల్దేరకూడదని జములమ్మ ఒట్టు పెట్టుకుంది.

మూడేళ్ల కింద కువైట్‌కు మొదటిసారి పోయినప్పుడు అట్లాగే పోయింది. కౌలుకు తీసుకున్న చేను నిండా ముంచడంతో భర్త సీతారాములు అప్పులపాలైతే, ఎవరో షేకు ఇంట్లో వంటమనిషిగా కుదిరింది. కూతురు అఖిలకు అప్పుడు రెండేళ్లు. లేచాక పిల్ల తల్లి కోసం మంచాల కింద, బర్రెల కొట్టంలో వెతికిందని అత్త సుగుణమ్మ ఫోన్లో చెబితే, ఆ పరాయి వంటింట్లో ఉల్లిగడ్డలు కోస్తూ ఏడ్చింది. ఉల్లిగడ్డల పుణ్యమా అని ఎందుకని ఎవరూ అడగలేదు.

ఇన్నాళ్లకు సెలవు మీద అయిజ దగ్గరి తన ఊరికి వస్తే, పిల్ల "ఈమె ఎవలవ్వా?" అని నాయనమ్మ కొంగు చాటుకు పోయింది. అమ్మా అనడానికి చాలా రోజులే పట్టింది. అన్నాక ఇక కొంగు వదల్లేదు.

తిరిగి పోయే రోజు జములమ్మ పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకొని ఉన్నమాట చెప్పింది. "పోతున్న బిడ్డా. మల్ల శాన దినాలకు గానీ రాను."

అమ్మో, ఆ ఏడుపు! వాడకట్టంతా వచ్చి నిలబడింది. కారు తలుపు పట్టుకున్న పిల్ల వేళ్లను ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది. కారు నడిపే ఇస్రాయేలు ఆ ఊరివాడే, వాడు కూడా కళ్లు తుడుచుకున్నాడు. అయినా చెప్పి పోతున్నానని జములమ్మకు గుండెలో ఎక్కడో కాస్త నెమ్మది.

తీరా శంషాబాద్ చేరితే ఏముంది? కువైట్ చుట్టుపక్కల దేశాలవాళ్లు ఒకరి మీద ఒకరు బాంబులు వేసుకున్నారట, ఆకాశం మూసేశారట, విమానం లేదట. డబ్బులు ఏజెంటు ద్వారా వాపసొస్తాయని కౌంటర్లో అమ్మాయి చెప్పిందే చెప్పి అలసిపోయింది. ఎవరెవరో కొట్లాడుకుంటే పాలమూరు మనిషి విమానాశ్రయంలో దుప్పటి పరుచుకొని నేల మీద పడుకోవాలి, ఇదెక్కడి న్యాయమో! మర్నాడు అట్టపెట్టెతో సహా ఇల్లు చేరింది.

ఆ పెట్టెలో కువైట్‌లో తోటి పనివాళ్ల కోసం చేసిన, తీపి కూరిన గరిజెలు, మురుకులు, మామిడి తొక్కు ఉన్నాయి. పిల్ల ఉరికి వచ్చి కాళ్లను చుట్టేసింది. ఆ సంబరంలో జములమ్మ పెట్టె తాడు కోసి గరిజెలన్నీ పిల్లకే పెట్టింది.

డబ్బులు రాలేదు గానీ, రెండోసారి తేదీ మార్చి అదే టికెట్టు ఇచ్చారు. మళ్లీ గరిజెలు, మళ్లీ తాడు, మళ్లీ చెప్పడం. పిల్ల ఏడ్చింది గానీ, కారు మలుపు తిరిగేదాకే. జడ్చర్ల దాటకముందే ఫోన్ వచ్చింది, మళ్లీ రద్దని. ఉసూరుమంటూ ఇంటికొస్తే పిల్ల గడప మీదే కూర్చొని ఉంది.

"ఒచ్చినవా? తాడు కొయ్యి" అంది.

అయిజ బస్టాండు దగ్గర టికెట్ల ఏజెంటు శ్రవణ్ కుమార్ జములమ్మను చూడగానే చేతులు జోడించాడు. "పైసలు నా తాన లేవక్కా. పైనోడు ఇస్తే నేనిస్త. దినాం అందరొచ్చి తిడుతున్రు, అన్నం సయిస్తలేదు నాకు." అతని మొహం చూస్తే తిట్టబుద్ధి కూడా కాలేదు. అవతల కువైట్ మేడమ్ నెలాఖరు దాటితే వేరే మనిషిని పెట్టుకుంటానంటోంది. విమానాల ఇంధనం మండిపోతోందట, ఉన్న ఒకటీ అరా బొంబాయి మీదుగా చుట్టు తిరిగి పోతున్నాయట, టికెట్టు రెండింతలయింది. కొత్త టికెట్టు కోసం సీతారాములు ఉన్న గొర్రెలమ్మాడు. ఇస్రాయేలు తల గోక్కుంటూ "డీజిల్ గూడ పెరిగిందక్కా, ఏమనుకోకు" అన్నాడు. ఏమనుకుంటుంది, అనుకోవడానికి ఓపికుంటే కదా!

మూడోసారి బయల్దేరేటప్పుడు వాడకట్టు నుంచి ఎవరూ రాలేదు. పక్కింటి అలివేలమ్మ మాత్రం గోడ మీంచి తొంగి చూసి "పోతున్నవా? మల్ల ఒస్తవులే" అని నవ్వింది. అఖిల కారు దాకా వచ్చింది. ఏడుపు లేదు, మొహమంతా నవ్వే.

"అమ్మా, గరిజెలు ఆడ ఎవ్వలకు పెట్టకు. నువ్వొచ్చినంక తిందాం. ఒస్తవ్ గద?"

చెప్పాలి. ఒట్టు పెట్టుకున్న మనిషి. చెబుదామని నోరు తెరిచింది కూడా. కానీ రానని రెండుసార్లు చెప్పి రెండుసార్లూ తిరిగొచ్చిన నోరది. మళ్లీ ఆ చిన్న వేళ్లను విడదీసే శక్తి ఆమెలో లేదు.

"ఊఁ" అంది.

పిల్ల హాయిగా చెయ్యూపింది.

శంషాబాద్‌లో కనబడ్డవాళ్లనల్లా అడిగింది, విమానం ఉన్నదా, నిజంగా ఉన్నదా అని. ఉందన్నారు. పాడు బుద్ధి, గొర్రెలమ్మి కొన్న టికెట్టు చేతిలో పెట్టుకొని రద్దయితే బాగుండునని కోరుకుంది! తాడు కట్టిన అట్టపెట్టె బెల్టు మీద మెల్లగా జరిగి జరిగి లోపలికి పోయింది.

విమానం ఎక్కే వరుసలో ఉండగా ఫోన్ మోగింది. సీతారాములు. "పిల్ల అన్నం తింటలేదు. నువ్వొచ్చినంకనే తింటదంట. గడప మీంచి లేస్తలేదు."

అంతలో పిల్ల ఫోన్ లాక్కుంది. "అమ్మా, యాడిదాక ఒచ్చినవ్?"

జములమ్మ వరుసలోంచి పక్కకు జరిగింది.

"బిడ్డా, ఇయ్యాల విమానం ఉన్నది. నేను ఒస్తలేను."

"గరిజెలు?"

"అవ్వి గూడ రావు బిడ్డా. నీకు అబద్ధం జెప్పిన."

అవతల మొదలైంది, మొదటిసారి కారు తలుపు పట్టుకొని ఏడ్చిన ఏడుపే. ఇటియ్యి అంటూ సీతారాములు ఫోన్ తీసుకోబోయాడు.

"గుంజుకోకు" అంది జములమ్మ. "ఏడ్వనియ్."

గేటు దగ్గరి ఉద్యోగి రమ్మని చెయ్యి ఊపుతున్నాడు. ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకొని, బిడ్డ ఏడుపంతా వింటూ జములమ్మ నడిచింది.